గోళీ నిలిచిన చోటు

బండి ఆగగానే ముందు నేల మీదికి దిగేది
మా తమ్ముడి జేబులోని గోళీ.

పచ్చ గాజుది, లోపల ఒక పొగమెలిక.
ఎమ్మెట్ దాన్ని పొయ్యి ముందు పెట్టి
ఊపిరి బిగబట్టి చూసేవాడు.
తలుపు వైపు దొర్లితే
కుడి చక్రం కింద ఇంకో చెక్క.
మంచం వైపు దొర్లితే ఎడమ చక్రం కింద.
"ఇంకొంచెం, ఇంకొంచెం... చాలు నాన్నా!"
గోళీ నిలబడిందంటే అదే ఇల్లు,
ఆ రాత్రికో, ఆ నెలకో.

ఇరవై ఎనిమిది అడుగుల ఇల్లు మాది.
గాలిమరలు ఎక్కడ మొరాయిస్తే అక్కడికి పోయేది.
నాన్న తాడుకి వేలాడుతూ
మూడొందల అడుగుల ఎత్తున
రెక్కల పగుళ్ళు పూడ్చేవాడు.
సాయంత్రం సూపు గిన్నె ముందు కూర్చున్నా
ఆయన ఒళ్ళు ఇంకా సన్నగా ఊగుతుండేది.
మేం చూడనట్టు ఉండేవాళ్ళం.

అమ్మకి నీళ్ళ లెక్క కంఠతా వచ్చు.
ట్యాంకు మీటర్లో మూడు దీపాలు వెలిగితే తలస్నానం,
రెండయితే మొహం.
ఒక్కటే మిగిలిన రోజున
"దేవుడు మనసు చూస్తాడు, పాదాలు కాదు, పడుకోండి" అనేది.
గిన్నెల మధ్య తువ్వాళ్ళు కుక్కేది.
అయినా గతుకు గతుక్కీ ఓ కప్పు చెవి ఊడేది.
చెవుల్లేని కప్పుల్లో పాలు తాగి పెరిగాం మేం.

నెబ్రాస్కాలో భిన్నాలు నేర్చుకున్నాను,
వయోమింగ్ ఎండలో మర్చిపోయాను.
ఏదో ఊళ్ళో లైబ్రరీ కార్డుకి చిరునామా అడిగారు.
అమ్మ కలం పట్టుకుని కిటికీలోంచి బయటికి చూసింది.
చూసి, బండి నంబరు రాసింది.
బల్ల వెనక ఆవిడ దాన్ని చదివి
కళ్ళజోడు తీసి తుడుచుకుని
మళ్ళీ చదివి, ముద్ర గుద్దేసింది.
నాలుగొందల మైళ్ళు దాటాక గుర్తొచ్చింది,
ఆమె పుస్తకాలు రెండు మాతోనే వచ్చేశాయని.
పోస్టులో పంపింది అమ్మ.
ఒకటే పంపింది. రెండోది నా దిండు కింద ఉంది.

నార్త్ డకోటాలో నీళ్ళ గొట్టం గడ్డకట్టిన రాత్రి
పక్క బండి ముసలాయన ఆల్వా
మరిగే కెటిలుతో వచ్చాడు.
ఆయన కుక్క గుడ్డిది.
కొత్త చోటికి చేరిన ప్రతిసారీ
దాన్ని చంకనేసుకుని బండి చుట్టూ తిరిగేవాడు,
ఇదిగో మెట్టు, ఇదిగో గడ్డి, ఇదిగో నీ గిన్నె అని
ఒక్కొక్కటీ దాని ముక్కుకి ఆనించి.
నాకూ అలా ఎవరైనా చూపిస్తే బావుండుననిపించింది.
మర్నాడు లేచేసరికి వాళ్ళు లేరు.
బండి ఉన్నంత మేరా
మంచు పడని పొడుగాటి మట్టి చతురం,
దాని పక్కన నాలుగు చిన్న పాదాల గుర్తులు.
మధ్యాహ్నానికి అదీ తెల్లబడింది.

ఆరేళ్ళు.
ఒక ఉదయం నాన్న కుడి భుజం పైకి లేవనంది.
చలి అనుకున్నాం, పట్టీలు వేశాం, కాపడం పెట్టాం.
తాడు కట్టే కంపెనీ వాళ్ళు మంచివాళ్ళే,
రెండు నెలలు ఆగారు.

డులూత్‌లో, సరస్సు మీదికి వాలిన వీధిలో
అద్దెకి ఇల్లు దొరికింది.
గుమ్మం స్తంభానికి ఇత్తడి అంకెలు!
ఎమ్మెట్ వాటిని వేలితో దిద్దాడు.
నీళ్ళు ఎంత వాడినా అయిపోలేదు.
అమ్మ మాత్రం కుళాయి కట్టేసి సబ్బు రుద్దుకునేది.
మొదటి రాత్రి ఎవరికీ నిద్ర పట్టలేదు,
ఇల్లు బొత్తిగా ఊగలేదు.

అప్పుడు తమ్ముడు లేచాడు,
మూతి మీద నూగు మొదలైన పన్నెండేళ్ళ వాడు.
వంటింట్లో దీపం వేసి
గోళీ నేల మీద పెట్టాడు.
అది ఒక్క క్షణం ఆలోచించింది.
తర్వాత బయల్దేరింది.
బల్ల కింద నుంచి, ఫ్రిజ్ పక్క నుంచి,
హాలు పొడవునా వేగం పుంజుకుని
వీధి తలుపుకి టక్కుమని తగిలింది.

నాన్న అలవాటు కొద్దీ లేచి
చెక్కల కోసం బయటికి వెళ్ళాడు.
చెక్కలు బండితో పాటే అమ్మేశాం.
ఎంతకీ రాకపోతే కిటికీ తెర తీసి చూశాను.
వెన్నెట్లో, పునాది రాతికి
నొప్పి లేని చెయ్యి ఆనించి
ఇంటిని మెల్లగా
ఒకసారి నెట్టి చూస్తున్నాడు.